ఇంటూ గుర్తు దగ్గర సంతకం

మా అల్లుడికి వాదనంటే ప్రాణం. మొన్న పేపర్లో ఏదో చదివి, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా నా మీద పడ్డాడు. కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్ళు తప్పనిసరిగా ఉండాలన్న చట్టం ఎందుకూ కొరగానిదని అతని వాదన.

"ఏముంది మామయ్యా, పెళ్ళాం పేరో వదిన పేరో రాసేస్తారు. ఆవిడ ఇంట్లో కూర్చుని సంతకాలు పెడుతుంది. ఈ మాత్రం దానికి చట్టమెందుకు?" అన్నాడు.

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. "ముందు కుర్చీ అంటూ వేస్తే కదా, అందులో ఎవరు కూర్చున్నారో అడగడానికి?" అంది.

ఇద్దరూ నా వంక చూశారు. ముప్పయ్యొక్కేళ్ళు కంపెనీ సెక్రటరీగా చేసినవాణ్ణి, తీర్పు చెబుతానని వాళ్ళ ఆశ. ఆ చట్టం మంచిదో చెడ్డదో చెప్పే అర్హత ఇంకెవరికైనా ఉండొచ్చు గానీ నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే మా కంపెనీ చిన్నమ్మగారి గురించి చెప్పాలి.

మాది ప్రెషర్ కుక్కర్ల కంపెనీ. బోర్డులో ఆరుగురు మగవాళ్ళు. ఆ ఆరుగురిలో ఒక్కడు కూడా జన్మలో కుక్కరు మూత పెట్టి ఎరగడు. పైన ఛైర్మన్, అందరికీ పెద్దాయన. నా పని మినిట్స్ రాయడం, అంటే బోర్డు మీటింగులో ఎవరేమన్నారో, ఏం తీర్మానించారో పుస్తకంలో ఎక్కించడం. పద్ధతి ప్రకారమైతే మీటింగు అయ్యాక రాయాలి. నేను ముందురోజే టైపు చేసి పెట్టేవాణ్ణి. పెద్దాయన ఏమనబోతారో నాకు తెలుసు, ఆయన తానా అంటే మిగతావాళ్ళు తందానా అంటారనీ తెలుసు, ఇంక ఆగడం దేనికి? రేపటి మీటింగు ఇవాళే రాస్తానని ఆఫీసులో నన్ను చాటుగా జోస్యుడనేవారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు కోపం రాకపోగా కాస్త గర్వంగా ఉండేది.

చట్టం వచ్చింది. బోర్డులో ఒక ఆడమనిషైనా ఉండాలన్నారు. ఆ రోజు మీటింగులో గంటసేపు హాస్యాలే నడిచాయి. ఇకమీదట బిస్కెట్లు బాగుంటాయని ఒకాయన, మీటింగు టైముకి మొదలవదని ఇంకొకాయన. చివరికి పెద్దాయన నన్ను పిలిచి, "ఎవర్నో బయటివాళ్ళని తెచ్చుకుని తలనొప్పి ఎందుకయ్యా, మా మరదలుందిగా. పాపం నోట్లో నాలుక లేని మనిషి," అన్నారు. మరునాటి మినిట్స్‌లో ఆవిడ డైరెక్టరైపోయారు. ఆవిడని అడిగారో లేదో నాకు తెలియదు.

చిన్నమ్మగారు పెద్దాయన తమ్ముడి భార్య. పద్దెనిమిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చారు. పదకొండు మంది ఉన్న ఇల్లు. వంటకి మనిషిని పెట్టుకునే తాహతు వచ్చాక కూడా ఆ ఇంట్లో వంట ఆవిడదే. ఇంకొకరు వండితే పెద్దాయనకి ముద్ద దిగదు. భర్త పోయిన పదహారో రోజున మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళారట. ఎవరూ వద్దనలేదట. ఇంట్లో ఎవరికి ఉప్పు తక్కువ కావాలో, ఎవరికి మెత్తగా ఉడకాలో అన్నీ నోటికొచ్చు. ఆవిడకేం కావాలో ఇంట్లో ఎవరికీ తెలిసినట్టు లేదు. పొట్టిగా ఉండేవారు, ఎప్పుడూ చీరకొంగుకి చేతులు తుడుచుకుంటూ మాట్లాడేవారు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేవారు.

మీటింగులకి ఆవిడ రావాల్సిన పని లేకుండా నేనే ఏర్పాటు చేశాను. నీలం ఫైలు డ్రైవరు చేత ఇంటికి పంపేవాణ్ణి. ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో అక్కడ పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు. ఫైలు తిరిగి వచ్చాక రబ్బరుతో ఆ గుర్తులు చెరిపేసేవాణ్ణి. మొదటిసారి పంపినప్పుడు ఆవిడ ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, ఇందులో ఏముంది? చదవమంటారా?"

"ఏం లేదమ్మా, ఎప్పుడూ ఉండే గొడవే. మీరెందుకు శ్రమపడతారు? గుర్తున్నచోట పెట్టేయండి, చాలు."

రెండోసారీ అడిగారు. మూడోసారి అడగలేదు. అలా అయిదేళ్ళు.

తర్వాత కొత్త మోడల్ వచ్చింది. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా పాత కుక్కరు పిడిలో చిన్న స్టీలు పిన్ను ఉండేది. లోపల ఆవిరి ఉన్నంతసేపూ ఆ పిన్ను పైకి లేచి మూతను తిరగనివ్వదు. ఆవిరి పోయాకే అది దిగుతుంది, అప్పుడే మూత వస్తుంది. కొత్త మోడల్లో పిన్ను తీసేద్దామన్నారు మా ఇంజనీరుగారు. విజిల్ ఎత్తి చూస్తే ఆవిరి ఉందో పోయిందో తెలిసిపోతుంది, ఇంక పిన్ను దండగ, కుక్కరు చవకవుతుంది, ఎక్కువ అమ్ముడవుతుందని ఆయన మాట. పెద్దాయనకి నచ్చింది. నమూనాగా తయారు చేసిన వాటిలో ఒకటి ఎప్పటిలాగే పెద్దాయన ఇంటికి వెళ్ళింది.

మూడు నెలల తర్వాత, ఆ మోడల్‌కి బోర్డు ఆమోదం తెలపాల్సిన రోజున, చిన్నమ్మగారు మీటింగుకి వచ్చారు. ఎవరూ పిలవలేదు. చేతిలో గుడ్డసంచి, అందులో కుక్కరు మూత, ఏ రోజు ఏం ఉడికించారో వెనక్కి తిప్పి రాసుకున్న క్యాలెండర్ కాగితాలు. కూర్చోమని ఎవరూ అనకముందే చివరి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. టీ పట్టుకొచ్చినావిడ కంగారుపడి, ఒక కప్పు తక్కువైందని వెనక్కి పరిగెత్తింది.

"ఏంటమ్మాయ్, ఇలా వచ్చావు? ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు పెద్దాయన.

"బాగానే ఉంది బావగారూ. ఈ కుక్కరు గురించి చెబుదామని వచ్చాను." ఆవిడ ఇంజనీరుగారి వైపు తిరిగారు. "దీన్ని మీరు పరీక్ష చేశారు కదా, అందులో ఏం ఉడికించారు?"

"ఏం ఉడికిస్తామండీ, నీళ్ళు పోసి రెండొందల సార్లు పరీక్షించాం. పాసయింది."

"నీళ్ళకి పొట్టుండదు కదండీ. నేను శనగలు ఉడికించాను. పొట్టు లేచి విజిల్ కింద గొట్టంలో అడ్డం పడింది. విజిల్ ఎత్తాను, చప్పుడు లేదు. ఆవిరి పోయిందనుకుని మూత తిప్పాను. పాతదైతే తిరిగేది కాదు. ఇది తిరిగింది." ఆవిడ కుడిచేతి మీది కొంగు పక్కకి తీసి చెయ్యి బల్ల మీద పెట్టారు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ఎర్రగా, కొత్తగా ఉంది. "పక్కకి నిలబడ్డాను కాబట్టి చేత్తో పోయింది. వంటింటి కప్పు మీద మరక చూశారుగా బావగారూ."

"అదా? నేను చెమ్మ అనుకున్నాను," అన్నారు పెద్దాయన.

ఎవరో నవ్వారు. ఇంజనీరుగారు గొట్టం శుభ్రంగా ఉంచుకోవాలని కుక్కరుతో పాటు ఇచ్చే పుస్తకంలో రాద్దామన్నారు. కుక్కరు కొన్నవాళ్ళలో ఆ పుస్తకం చదివేవాళ్ళు ఎందరని చిన్నమ్మగారు అడిగారు. పెద్దాయన గడియారం చూసుకుని, "సరే, అందరికీ సమ్మతమేగా?" అన్నారు. అది ఆయన ప్రతి మీటింగులోనూ అనే మాటే. దానికి జవాబు ఎవరూ చెప్పరు, తలలూపుతారు.

"నాకు సమ్మతం కాదు బావగారూ."

ఆ గదిలో ముప్పయ్యొక్కేళ్ళలో ఆ మాట నేను విన్నది అదొక్కసారే. ఆవిడ నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, నేను వద్దన్నానని రాయండి. శనగల సంగతి కూడా రాయండి," అన్నారు. నేను తలూపి కాగితం మీద పెన్ను కదిపాను. రాసింది ఆ రోజు తేదీ మాత్రమే.

మీటింగు అయ్యాక పెద్దాయన గదికి వెళ్ళాను. ఏం చేయమంటారన్నాను. "ఏం చేస్తావు, ఎప్పటిలాగే పంపు," అన్నారు ఆయన తల ఎత్తకుండా. ముందురోజు టైపు చేసిన కాగితం నా సొరుగులో సిద్ధంగానే ఉంది. కొత్త మోడల్‌ను బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది, అని అందులో ఉంది. నేను ఇంటూ గుర్తు పెట్టి ఫైలు పంపాను.

సాయంత్రం ఫోన్ మోగింది.

"నేను చెప్పింది రాశారుగా అన్నయ్యగారూ?"

"రాశానమ్మా. మీరు గుర్తున్నచోట పెట్టేయండి."

ఆవిడ పెట్టేశారు. చదవలేదు. చదవక్కర్లేదని అయిదేళ్ళు నేర్పింది నేనే కదా. ఎందుకలా చేశావని నన్ను ఎవరైనా అడిగితే చెప్పడానికి గొప్ప కారణమేమీ లేదు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. పెద్దాయనతో మాటపడటం నాకు ఇష్టం లేదు. మళ్ళీ టైపు చేయించడం బద్ధకం కూడా. మనుషుల కొంపలు ఇంత చిన్న కారణాలకి కూలుతాయని నాకు అప్పటికి తెలియదు, అంతకు మించి సాకు నా దగ్గర లేదు.

కొత్త మోడల్లో పది లీటర్లది మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి కూడా ఇచ్చారు. క్యాంటీన్‌లో వండే అమ్మాయికి ముప్పయ్యేళ్ళుంటాయి, వాళ్ళమ్మతో ఉండేది. చురుకైనది, నోటి దురుసు. నాకు రెండో కప్పు టీ పోస్తూ, "సెక్రటరీగారికి చక్కెర వద్దు, మాటల్లోనే సరిపడా ఉంది," అనేది. ఒక సోమవారం ఉదయం పదింటికి క్యాంటీన్ నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి నేల మీద కూర్చుని ఉంది, రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. కప్పు నుంచి శనగలు ఒక్కటొక్కటే రాలుతున్నాయి. విజిల్ ఎత్తే చూసిందట, చప్పుడు రాలేదట. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి వెలుతురు మాత్రం తెలుస్తుందన్నారు డాక్టర్లు.

విచారణకి ఒక అధికారి వచ్చాడు. బోర్డు గదిలోనే కూర్చుని మినిట్స్ పుస్తకం తెప్పించుకున్నాడు. పెద్దాయన చాలా బాధగా మాట్లాడారు. మాకేం తెలుస్తుందండీ వంట సంగతి అన్నారు. "అందుకే వంట తెలిసిన ఆడమనిషిని బోర్డులో పెట్టుకున్నాం. ఆవిడే సరేనన్నారు, చూడండి, సంతకం ఉంది." ఈ మాట అంటున్నప్పుడు ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు.

చిన్నమ్మగారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని మొదటిసారి చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత మెల్లగా అన్నారు, "నేను వద్దన్నానండీ. రాయమని కూడా చెప్పాను. అన్నయ్యగారిని అడగండి."

అధికారి నన్ను అడిగాడు. మిగతా ఆరుగురూ బల్ల చెక్కలోకి చూస్తున్నారు. ఆవిడ వద్దన్న మాట నిజమేనని నేనంటే, మినిట్స్ ముందే రాస్తానన్నది బయటపడుతుంది. ముప్పయ్యేళ్ళ పుస్తకాలన్నీ బయటపడతాయి. నా గొంతు నాకే వినపడింది, "మినిట్స్‌లో ఉన్నదే జరిగింది సార్."

ఆవిడ కుడిచేతి మీదికి కొంగు లాక్కున్నారు, అంతే.

ఆ తర్వాత అందరికీ ఆవిడే దొరికారు. పేపర్లో వంట తెలిసిన డైరెక్టరమ్మే అనుమతించిందని రాశారు. ఆడవాళ్ళని తెచ్చి బోర్డుల్లో కూర్చోబెడితే ఇంతేనని పెద్దపెద్దవాళ్ళు రాశారు, ఆ చట్టం ఎత్తేయాలని కూడా రాశారు. వంటగదిలో గరిటె తిప్పేవాళ్ళకి కంపెనీలెందుకని బంధువులు ఆవిడ ఎదురుగానే అన్నారు. పెద్దాయన ఇంట్లో వంట మాత్రం ఆవిడే చేస్తూ వచ్చారు. ఆవిడ రాజీనామా ఇచ్చారు. ఆ రాజీనామా కూడా నేనే టైపు చేశాను, ఇంటూ గుర్తు పెట్టి పంపాను. అది ఆవిడ చదివారని డ్రైవరు చెప్పాడు, చాలాసేపు చదివారట.

నెల తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి ఒక కాగితం నా ముందుంచారు. గుండ్రటి అక్షరాలతో స్వయంగా రాసింది. ఆ రోజు మీటింగులో తను ఏమన్నదీ, ఎవరేమన్నదీ, నన్ను రాయమన్నదీ, నేను ఫోన్‌లో రాశానన్నదీ, ఒక్క మాట ఎక్కువా లేదు తక్కువా లేదు. కింద కుడివైపు పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు.

"అక్కడ సంతకం పెట్టండి అన్నయ్యగారూ. కోర్టుకీ పేపరుకీ ఇవ్వను, మీ ఉద్యోగం జోలికి రాను. ఆ క్యాంటీన్ అమ్మాయికి ఒక్కదానికే చూపిస్తాను. ఆ అమ్మాయి నేనే సరేనన్నాననుకుంటోంది."

"చదివి పెడతానమ్మా," అన్నాను.

"చదవండి. చదవకుండా పెట్టకూడదు, నాకా తెలివి కాస్త ఆలస్యంగా వచ్చింది," అన్నారు. ఎత్తిపొడుపు కూడా లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, కోపం తెచ్చుకుని బతికిపోయేవాణ్ణి.

ఆవిడ వెళ్ళాక చదివాను. రేపు పెడదామనుకున్నాను. ఆ రేపు వారమైంది, నెలైంది. ఆవిడ మళ్ళీ అడగలేదు. నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, గడియారం ఇచ్చి, ఇంత నిజాయితీపరుడు లేడని పెద్దాయన మైకులో చెప్పారు. కాగితం నా బీరువాలో బట్టల కింద ఉండిపోయింది.

పోయిన వేసవిలో చిన్నమ్మగారు పోయారు. గుండె ఆగిపోయిందన్నారు. కబురు చెప్పింది నా తర్వాత వచ్చిన కొత్త సెక్రటరీ. బుద్ధిమంతుడు, నేనంటే గౌరవం. "రేపు మీటింగులో సంతాప తీర్మానం పెడతారట సార్, ఇవాళే టైపు చేయమన్నారు. మీ చేత్తో రెండు మాటలు చెబుతారా?" అన్నాడు. అతనే మళ్ళీ అన్నాడు, "ఆవిడ చోటు తర్వాత ఖాళీగానే ఉంది కదా, ఎందుకు నింపలేదని నోటీసు వచ్చింది, పెద్దాయనగారి కోడల్ని వేస్తున్నారు. ఫైలు ఇంటికి పంపేస్తే చాలన్నారు. గుర్తులు పెన్సిలుతోనే పెట్టాలా సార్, ఆ అంటిస్తారే, రంగు కాగితాలు, అవి పెట్టొచ్చా?"

ఫోన్ పెట్టేసి బీరువా తీశాను. ఇంటూ గుర్తు మీద సంతకం పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ మధ్యాహ్నం తెలిసింది నాకు, కాలినవి నా చేతులు కూడా కావు.

సంతకం పెట్టినా ఆ ఇంటికి బయల్దేరడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. క్యాంటీన్ అమ్మాయి ఉండే వీధి ఇరుకు. మెట్లెక్కి తలుపు తట్టాను. పేరు చెబితే ఆ అమ్మాయే తీసింది. తలుపు పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది, నల్లకళ్ళద్దాలు. కింది వీధి చప్పుళ్ళు వినడానికి అక్కడే కూర్చుంటుందట. వాళ్ళమ్మ పనికి వెళ్ళింది.

"సెక్రటరీగారా? చక్కెర లేని టీ మీకిప్పుడు నేను పెట్టలేను," అంది.

కాగితం చేతికిచ్చాను. వేళ్ళతో తడిమి తిరిగి ఇచ్చేసింది. "నాకేం కనపడుతుంది, మీరే చదవండి."

దాని గురించి నేను ఆలోచించలేదు. కాగితం ఇచ్చి వచ్చేస్తాననుకున్నాను. నిలబడి పైకి చదివాను. శనగలు, పొట్టు, పిన్ను, కాలిన చెయ్యి. నాకు సమ్మతం కాదు బావగారూ. చివరి రెండు వాక్యాలు నా గురించి. రాశానని సెక్రటరీగారు ఫోన్‌లో చెప్పారు, ఆయన మాట నమ్మి సంతకం పెట్టాను, అన్న దగ్గర ఆగాను. మళ్ళీ మొదలుపెట్టి చదివాను.

ఆ అమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అసలు నా గురించి ఆలోచిస్తున్నట్టే లేదు.

"నాలుగుసార్లు వచ్చింది ఆవిడ," అంది. "గిన్నెలో ఏదో వండుకుని తెచ్చేది. గొంతు వినగానే తలుపేసేదాన్ని. ఒకసారి మెట్ల మీద చాలాసేపు కూర్చుంది, నాకు ఊపిరి వినపడుతూనే ఉంది. తియ్యలేదు." తర్వాత అడిగింది, "ఇప్పుడు ఎక్కడుంటుంది ఆవిడ? నన్ను తీసుకెళ్తారా?"

నాలుగు నెలలైంది పోయి, అని చెప్పాను.

కాగితం ఇమ్మని చెయ్యి చాపితే ఇచ్చాను. మీ సంతకం ఎక్కడ అని అడిగితే, వేలు పట్టుకుని ఇంటూ గుర్తు మీద పెట్టాను. అక్కడే ఉంచుకుంది వేలు. ఇంక నాకు చెప్పడానికేమీ లేక వస్తానన్నాను. గడప దాటి, అలవాటుగా తలుపు దగ్గరికి లాగబోయాను.

"వెయ్యకండి," అంది లోపలి నుంచి. "ఆ తలుపు తీసే ఉంచండి."